గోడలో కలవని ముక్క

ప్రియమైన వదినకు,

కొత్త ఇల్లు, కొత్త అత్తగారు, రెండూ బాగానే ఉన్నాయి. నేనింకా ఎవరితోనూ పోట్లాడలేదని అన్నయ్యకి చెప్పు, నమ్మడు.

మా హాల్లో ఒక్క గోడకి రంగు మార్చాలంటున్నారు అత్తయ్య. మిగతా మూడూ అలాగే ఉండాలట! ఎందుకని అడిగితే, "విసుగొచ్చిందమ్మా" అంటారు. స్టూడియోలో మనుషుల మొహాలే మార్చేస్తావు, గోడ నీకో లెక్కా? ఫోటో పంపుతున్నాను, నీలం వేసి చూపించు. అత్తయ్య ఎప్పుడూ నోరు విప్పి ఏదీ అడగరు. అడిగిన ఈ ఒక్కటీ చెయ్యలేకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

నీ గారాల ఆడపడుచు

* * *

ఆడపడుచు గారికి వదిన వినయంగా రాయునది,

కంప్యూటర్‌లో ఫోటో తెరిచి గోడ మీద ఒక్కచోట నొక్కితే, ఆ రంగున్నంత మేరా చుట్టూ చుక్కల గీత చీమలబారులా పాకుతుంది. అలా పాకింది కానీ, మధ్యలో ఒక ముక్కని వదిలేసింది. నేల నుంచి మొదలై, మనిషి కన్నా కాస్త ఎత్తు. అచ్చం తలుపంత! కంటికి గోడంతా ఒకే రంగు, ప్రోగ్రాంకి మాత్రం కాదు.

రంగులో ఎంత తేడా వరకు కలుపుకోవాలో చెప్పే అంకె ఒకటుంటుంది. దాన్ని పెంచితే ఆ ముక్కా వచ్చింది, దాంతోపాటు స్విచ్‌బోర్డూ వచ్చింది. బోర్డుని ఎంపికలోంచి తీసేసి నీలం నింపాను. ముక్క వదిలేసిన ఫోటో, సరిచేసిన ఫోటో రెండూ పంపుతున్నా. ఇంతకీ అక్కడేముందే? చెప్పకపోతే నాకు తిన్నది అరగదు.

నీ వదిన

* * *

వదినా,

సరిచేసిందే చూపించాను. అత్తయ్య కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసి, "ఇంకా కనిపిస్తోందమ్మా" అన్నారు. ఏం కనిపిస్తోందో చెప్పరు! నేను వెళ్లి గోడ తట్టి చూశాను. ఆ ముక్క దగ్గర చప్పుడు వేరేగా ఉంది.

గోడ అవతల పక్కింటివాళ్లు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. సామాన్లు ఈడుస్తున్న చప్పుడు వినపడితే చాలు, అత్తయ్య భోజనం మధ్యలో చెయ్యి ఆపేస్తారు. మా ఆయన్ని అడిగితే, "పక్కింటి ఊసు అమ్మ దగ్గర ఎత్తకు" అన్నారు. నాకు భయంగా ఉంది వదినా. ముదురు రంగేదైనా వేసి పంపు.

నీ మరదలు

* * *

నా పిరికి మరదలికి,

ఆకుపచ్చ, గోధుమరంగు, బూడిదరంగు, మూడూ వేశాను. ఈసారి అంచులు కూడా చెరిపేసి, గోడంతా ఒకే రంగు పోసి, మళ్లీ నొక్కి చూశాను. ఎక్కడా ఒక్క చుక్క కూడా మిగల్లేదు. వీటిలో కూడా ఆవిడకి కనిపిస్తే, ఆవిడ చూస్తున్నది ఫోటోని కాదు.

అప్పుడు ముక్క వదిలేసిన ఆ మొదటి ఫోటో చేతికివ్వు. ఇచ్చి ఊరుకో, వసపిట్టలా వాగకు.

వదిన

* * *

బంగారు వదినా,

మూడింటికీ అదే మాట. అప్పుడు మొదటిది ఇచ్చాను.

అత్తయ్య దాని అంచు వెంబడి వేలు జరుపుకుంటూ వెళ్లారు. "ఇక్కడ తలుపుండేది. అవతల ఉండేది మా చెల్లి" అన్నారు. ఎందుకు గొడవపడ్డారని అడిగాను. "ఏదో మాట. సరిగ్గా గుర్తు కూడా లేదే. తలుపు తీసేసి గోడ కట్టడానికి మేస్త్రిని పిలిపించింది మాత్రం నేనే. ఇప్పుడది వెళ్లిపోతోంది. వెళ్లాక రోజూ ఈ గోడ చూస్తూ ఎలా ఉండను?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకూ ఏడుపాగలేదు.

ఫోటో పట్టుకుని పక్కింటికి పరిగెత్తాను. చిన్నత్తయ్య వంటసామాను మూట కడుతున్నారు. ఫోటో చూసి, "దీన్ని కప్పెయ్యడానికి రంగు వేయిస్తోందా? నేను బీరువా అడ్డం పెట్టాను. అయినా కనపడకుండా పోయిందా!" అని, చెప్పులైనా వేసుకోకుండా వీధి చుట్టూ తిరిగి మా హాల్లోకి వచ్చేశారు.

ఇద్దరూ గోడ ముందు నిలబడ్డారు. ముందు అత్తయ్యే, "వెళ్లకే" అన్నారు.

బండెక్కిన మంచం మళ్లీ దిగింది వదినా! రేపు మేస్త్రి వస్తాడు. నువ్వు ఈసారి ఆ ముక్క ఒక్కటే ఎంచి, అందులో తలుపు పెట్టి పంపు. ఒకటి కాదు, రెండు పంపు. అత్తయ్య ఒంటిరెక్క తలుపంటారు, చిన్నత్తయ్య రెండు రెక్కలదంటారు. పొద్దుట్నుంచీ ఇల్లెగిరిపోయేలా పోట్లాడుకుంటున్నారు. ఎంత బాగుందో!

నీ ఆడపడుచు