పూత మీద గుత్త

అప్పా, పప్పుసారు పొయ్యి మీద ఉండాది, రాగిముద్ద మూత పెట్టినాను. కంప్యూటర్ ఆపొద్దు.

నీ ఫోన్లో కాపీ చేసింది కంప్యూటర్లోనూ, కంప్యూటర్లోది నీ ఫోన్లోనూ వచ్చేట్టు నేనే జోడించినాను కదా, మర్చిపోయినట్టుండావు. పొద్దున మామిడి పెట్టెల మీద వేసే బొమ్మలో మన అడ్రసు పేస్ట్ చేయబోతే, నువ్వు మండీ ఆయనకు కాపీ చేసి పంపింది పడింది: ‘ఈ తూరి కూడా పూత మీదే తోట గుత్తకిస్తాను. మా పాప సహనకు చెప్పొద్దు.’

శ్రీనివాసపురం మండీకి పోతా ఉండాను, కాయ పట్టకముందే తోట గుత్తకిచ్చేది లేదని ఆయనకే చెప్పేదానికి. ఈ ఏడు కాయలు మనమే కోసి మనమే అమ్ముతాం.

నువ్వు ఫోన్ తీసి పేస్ట్ నొక్కు. పెట్టె మీద వేసే బొమ్మ కంప్యూటర్లో కాపీ చేసి పెట్టినాను, అది వస్తాది.

ఇంగొకటి. బొమ్మలో మామిడికాయ కింద నీ పేరే వేసినాను. నీ మెసేజు చూసినంక కూడా తీసేయలేదు.