రొమువాల్డా పిన్నికి ఏమైంది?

చెల్లీ ఫిదేలా, మరియమాత చల్లని చూపు మీ మీద ఉండాలి. ఫోనులో మాట్లాడితే అమ్మ నీ పక్కనే కూర్చుని వింటుంది. అందుకే చివరికి కలం పట్టాను. ఊరికొచ్చే వాళ్ల చేత పంపుతున్నాను.

నా రొమ్ములో గడ్డ తగిలింది. ఈ అమెరికాలో, నెబ్రాస్కాలో, ఎవరిని అడగాలో తెలియలేదు. మన దేశపు సరుకులు అమ్మే కొట్టామె లేపనం ఇచ్చింది. తగ్గేదాకా ఎవరికీ చెప్పనని గ్వాదలూపే మరియతల్లికి మొక్కుకున్నాను. మొన్న చర్చి వంటింట్లో మొక్కజొన్న పిండి తమాలెలు ఆకుల్లో చుడుతుంటే చెయ్యి లేవలేదు. పక్కనున్న ఓర్తెన్సియా నిలదీస్తే మొక్కు సంగతి చెప్పేశాను.

"బాగుందమ్మా నీ భక్తి! తల్లికి చెప్పి నోరు కుట్టుకున్నావా? మరి నన్ను నీ పక్కన కూర్చోబెట్టింది ఎవరనుకున్నావ్? లే, ఉచిత వైద్యశాలలో మన భాష నర్సు ఉంది. ఈ దేశంలో ఉండే కాగితాలున్నాయా అని అడగరు."

వెళ్లాను. అమ్మ వైపు ఎవరికైనా ఇలాంటిది వచ్చిందా అని నర్సు అడిగింది.

"మా రొమువాల్డా పిన్ని కోపం దిగమింగి, దాంతోనే చనిపోయిందంటారు" అన్నాను.

ఆమె నవ్వలేదు. "ఆమె నొప్పి ఎక్కడుందనేదో కనుక్కో అక్కా" అంది.

వచ్చే నెల పెద్ద పరీక్ష. జపమాల పట్టినా మనసు నిలవడం లేదు. అమ్మను మాటల్లో పెట్టి అడుగు, చివరి రోజుల్లో పిన్ని గుండెల మీది శాలువా ఎందుకు తీసేది కాదో. అమ్మ దగ్గర లేనప్పుడు ఓర్తెన్సియా ఫోనుకే చేసి చెప్పు. కోళ్ల తెగులు తగ్గిందా? అమ్మ మోకాలికి నూనె రాస్తున్నావా? పిల్లలకు నా దీవెనలు.

ఈ ఉత్తరం దాచు, అమ్మకు చూపించకు. నువ్వు మాత్రం శాలువా కింద ఏదీ దాచకు. ఇవాళే చెయ్యి పెట్టి చూసుకో.

నీ అక్క బెనీతా