మాత్ర వేసుకున్నావా?

మామయ్యా,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటి అనుకోకు. ఫోన్ తీస్తే చాలు, అమ్మమ్మ వచ్చి నా పక్కన కూర్చుంటోంది.

మొన్న వంటింట్లో ఆవిడ కళ్లు తిరిగి పడబోతే పట్టుకున్నాను. దెబ్బేం తగల్లేదు, కంగారు పడకు. బీపీ బాగా పడిపోయిందన్నాడు డాక్టరు. ఎందుకో నిన్న తెలిసింది. పొద్దున అమ్మ ఫోన్ చేసి బీపీ మాత్ర వేసుకోమంది, అమ్మమ్మ వేసుకుంది. కాసేపటికి పిన్ని చేస్తే ఇంకోటి తీసింది. చెయ్యి పట్టుకుని ఆపాను. నువ్వు చేసిన రోజు మూడోది కూడా వేసుకుంటుందట!

"రోజుకి ఒకటేగా అమ్మమ్మా?" అంటే నన్నే కసిరింది. "పిల్లలు డాక్టర్ని అడక్కుండానే చెబుతారా? అంత దూరం నుంచి చెబుతుంటే వాళ్ల మాట తీసెయ్యమంటావా?"

మాత్రల డబ్బా ఇప్పుడు నా బ్యాగులో ఉంది. నా సెలవులయ్యాక ఆ సంగతి అమ్మ ఒక్కతే అడుగుతుంది. పిన్నికి చెప్పేశాను. నువ్వు కూడా ఇంక అడక్కు.

ఇదంతా చెబితే అమ్మమ్మ మెల్లగా, "మరి వాడు ఫోన్ చేసి ఏం మాట్లాడతాడే?" అంది.

 ఈసారి ఫోన్ చేసేలోపు నువ్వే ఏదైనా ఆలోచించుకో.

నీ మేనకోడలు