పదిహేడో పరీక్ష

సార్డీనియా, మార్చి 3

ప్రియమైన నాన్నా,

ఫోన్లో నీకు సరిగా వినపడదు కనుక కాగితం మీదే మొత్తుకుంటున్నాను. మా కొత్త రాకెట్ మోటారును ఇప్పటికి పదిహేడు సార్లు మండించాం. చివరిసారి మంట బయటికొచ్చే నాజిల్ గొంతులో లోపలి పొర వేలు లోతున కాలిపోయింది. ఇంకో పది సెకన్లు మండితే గోడకు చిల్లు పడేది. కానీ మన ఇటలీలో పదిహేడు అచ్చిరాదని ఆ పరీక్షకు ‘పదహారు బిస్’ అని పేరు పెట్టారు. పదహారుకు తోక అన్నమాట. పరీక్షల పట్టిక రాసినవాడు ఆ తోక కత్తిరించేశాడు, ఆ పరీక్షే లెక్కలో లేకుండా పోయింది. పదహారుకు పదహారూ విజయమే!

మా పై అధికారి తార్చీసియోను అడిగాను. "పిల్లా, బిస్ అంటే కొసరు. కొసరును ఎవరైనా తూకం వేస్తారా?" అన్నాడు. అందరూ నవ్వారు.

శుక్రవారంలోగా ఆ పట్టిక మీద నా సంతకం కావాలి. లేకపోతే రాకెట్ ప్రయోగం ఆగుతుంది. ఏం చెయ్యను?

నీ ఓర్నెల్లా

మార్చి 6

ఓర్నెల్లా తల్లీ,

ముప్పై ఏళ్లు ఆ పనే చేశాను. మేమూ ఎన్నడూ పదిహేడు రాయలేదు. మేమంతా వెర్రివాళ్లం, నువ్వొక్కదానివే తెలివైనదానివా? ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు. తార్చీసియోతో పెట్టుకోకు. సంతకం పెట్టు. వేళకు తిను.

ముద్దులతో,
నాన్న నేవియో

మార్చి 10

నాన్నా,

పెట్టాను. తార్చీసియో భుజం తట్టి కాఫీ ఇప్పించాడు. తాగలేకపోయాను. ప్రయోగం మే 9న. నీ మాట విన్నందుకు నామీద నాకే అసహ్యంగా ఉంది.

ఓర్నెల్లా

మార్చి 16

నా బంగారు తల్లీ,

నీకొక సంగతి దాచాను. నువ్వు పుట్టకముందు మా మోటారొకటి గాల్లో పేలి సముద్రంలో పడింది. దురదృష్టం అన్నారు. కాదు. అంతకుముందే ఒక పరీక్షలో పొర ఊడింది. దానికీ బిస్ అనే పేరు పెట్టి పక్కన పడేశాం. ఆ కాగితం మీద సంతకం నాది. మనుషులెవరూ పోలేదు కనుక నన్నెవరూ అడగలేదు.

నువ్వూ పెడితే నాది తప్పు కాదనిపిస్తుందని ఆశపడ్డాను. సిగ్గేస్తోంది. వెళ్లి నీ సంతకం వెనక్కి తీసుకో.

నీ నాన్న

ఏప్రిల్ 8

ప్రియమైన నాన్నా,

నా సంతకం కొట్టేసి, పట్టిక చివర ‘పదిహేడు: విఫలం’ అని రాశాను. "మడోన్నా, మేరీ తల్లీ! ఈ పిల్ల మన కొంపకు నిప్పు పెట్టింది!" అని తార్చీసియో నెత్తి కొట్టుకున్నాడు.

"పెట్టింది నాజిల్, సార్. నేను రాశానంతే" అన్నాను.

ప్రయోగం ఆగింది. మూడు వారాలుగా భోజనాల దగ్గర నా బల్ల వైపు ఎవరూ రాలేదు. నిన్న మోటారును మళ్లీ మండించారు. నలభై ఒకటో సెకనులో, సరిగ్గా అదే చోట నాజిల్ గోడ చీలి మంట పక్కకు కొట్టింది. మేమంతా కాంక్రీటు గోడ వెనక నుంచి చూస్తున్నాం. ఎవరో గొణిగారు: "దీన్ని ఏమని రాయాలి?"

"పద్దెనిమిది," అన్నాడు తార్చీసియో, నా మొహం చూడకుండా.

నేను సంతోషించాలి కదా! కోపం తగ్గడం లేదు. వాళ్ల మీద కాదు, నీ మీద. ఆదివారం వస్తున్నాను. నాకోసం ఏమీ వండకు. ఆ రోజు నీ చేతికి కలం ఎవరిచ్చారో, నువ్వు ఏమనుకుని పెట్టావో అంతా చెప్పాలి. చెప్పేదాకా కుర్చీలోంచి లేవను.

నీ కూతురు,
ఓర్నెల్లా