గోంగూర మడిలో గురుగులు

చాండ్లర్, అమెరికా,
1984 సెప్టెంబరు 22.

వసంతకు,

ప్రభువు దయవల్ల నేనూ మన అబ్బాయి రత్నరాజూ ఆరోగ్యంగా ఉన్నాం. మీ అమ్మగారి తుంటి ఎముక అతుక్కుంటోందని చదివి ఊరట కలిగింది.

నువ్వు అడిగినవాటికి జవాబు. కూలర్ నేనే బాగుచేశాను. ఈ నెల మొదటి ఆదివారం ప్రార్థన ప్రేమజ్యోతి గారింట్లో జరిగింది, వాక్యం చెప్పే వంతు నాది.

నువ్వు విత్తి వెళ్లిన గోంగూర నా భుజందాకా ఎదిగింది. దానికోసమే ఆ ఆదివారానికి ముందురోజు ఒక పోలీసు వచ్చాడు. వేళ్లలా చీలిన ఆకులు చూసి పక్కింటివాళ్లు గంజాయి అనుకున్నారట. ఇది మేం తినే కూర, పత్తిలా పసుపుపచ్చగా పూస్తుంది అన్నాను. ఆయన నవ్వాడు.

"మా నాన్న పత్తి రైతే. పూసేదాకా ఆగుతాను. అంతవరకు ఒక్క మొక్కా పీకకండి."

మడి అంతా ఫొటోలు తీసి వెళ్లాడు.

అందుకే ఆదివారం గురుగుల ఉపమానం చెప్పాను. గోధుమ చేలో శత్రువు గురుగులనే కలుపు చల్లిపోయినా యజమాని వెంటనే పెరకనివ్వలేదు, గోధుమ కూడా వేళ్లతో లేచివస్తుందని. అందరూ బాగుందన్నారు. రత్నరాజు తల ఎత్తలేదు.

మర్నాడు నీళ్లు పెడుతూ గోడవార ఆకు ఒకటి నలిపి చూశాను. వాసన వేరు. అలాంటివి నాలుగున్నాయి. వసంతా, అవి గోంగూర కావు.

ఈ సంగతి నీకు పోయిన ఉత్తరంలో రాయలేదు. పందొమ్మిది రోజులుగా వాణ్ణీ అడగలేదు. సమయం రావాలి అనుకున్నాను. అది ఓర్పు కాదు, భయం.

నిన్న గోంగూర పూసింది. ఆ నాలుగూ పూయలేదు. వాడి గదిలోకి వెళ్లాను.

"ఎవరిచ్చారు?"

"ఫ్రెండ్ సీడ్స్ ఇచ్చాడు డాడీ. జస్ట్ ఫన్‌కి. అమ్మ గోంగూరలో ఎవరూ నోటీస్ చెయ్యరనుకున్నా."

"పోలీసు వచ్చినప్పుడైనా చెప్పొద్దూ?"

"నువ్వు అడగలేదు కదా! ప్రేయర్‌లో నన్ను చూస్తూ ఆ స్టోరీ చెప్పావు. నీకు తెలుసనుకున్నా. ఇప్పుడు పీకేద్దామా?"

పీకితే తెలిసిపోతుంది, పోలీసు దగ్గర ఫొటోలున్నాయన్నాను. వాడు నా చొక్కా పట్టుకున్నాడు. పోయిన నెలలోనే వాడికి పద్దెనిమిది నిండాయి, ఇక కేసంటే పెద్దవాళ్ల జైలే.

పూలు వచ్చాయని పక్కింటివాళ్లు చెప్పారట, పొద్దున పోలీసు ఫోన్ చేశాడు. రెండింటికి వస్తాడు. రత్నరాజును ప్రేమజ్యోతి గారింటికి పంపాను. మొక్కలు నావేనని చెబుతాను. తెలిసి కూడా ఇన్నాళ్లు నీళ్లు పోసింది నేనే, కనుక అది పూర్తిగా అబద్ధం కాదు.

ఈ ఉత్తరం ఇండియా చేరడానికి పది రోజులు పడుతుంది. అందగానే బయలుదేరు. ఇంట్లో వాడొక్కడే ఉంటాడు.

ఇట్లు,
రత్నరాజు తండ్రి,
ఏసుపాదం