సున్నా వచ్చిన సూర్యుడు

మంగళవారం, తిరువళ్ళూరు

తిరుత్తణి కాలేజీలో ఉద్యోగానికి ఈరోజు డెమో క్లాసు చెప్పాను. నాలుగు హైడ్రోజన్లు కలిసి హీలియం అయితే నక్షత్రంలో ఎంత శక్తి పుడుతుందో లెక్క. ఎంట్రన్సు కోచింగులో చెప్పీ చెప్పీ పట్టుకున్న అలవాటు కొద్దీ దశాంశాలు వదిలేసి, నాలుగు హైడ్రోజన్ల ద్రవ్యరాశి నాలుగులోంచి హీలియం ద్రవ్యరాశి నాలుగు తీసేశాను. శక్తి సున్నా!

ముందు బెంచీ అమ్మాయి లేచింది. "అట్లయితే సూర్యుడు ఎట్ల మండతాండాడు మేడమ్?"

ఎవరూ నవ్వలేదు. వెనక కూర్చున్న ప్రిన్సిపాల్ ఏదో రాసుకున్నారు. దశాంశాలన్నీ పెట్టి మళ్ళీ చేశాను. తగ్గిన ద్రవ్యరాశి నూటికి ఒక వంతు కూడా లేదు. ఆ వెలుగంతా అందులోంచే.

"రేపు ఫోన్ చేస్తామమ్మా" అన్నారాయన.

ఇంటికి రాగానే అక్క అడిగింది: "బాగా చెప్పినావా?"

"చెప్పినాలే. చిన్న తప్పు, అంతే."

చిన్నది ఎంత మండుతుందో పొద్దున బోర్డు మీద రాసి వచ్చింది నేనే.