అల్లుడి మీద వేసిన నింద

బాన్ హువై సాన్,
విశాఖ పూజ, బుద్ధ పున్నమి మరునాడు.

చి.సౌ. చన్‌పెంగ్‌కు,

మీ అమ్మ ఖమ్‌పుయ్ దీవించి రాస్తున్నది. అందరం క్షేమమని మొదట రాయాలి కదా, క్షేమమే. నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి నా నాలుగో తరగతి చదువుతో కాగితం మీద పడ్డాను. నవ్వుకుంటే నవ్వుకో.

వానలు పడ్డాయి. రెండు నెలల తర్వాత పొగ విడిపోయి ఎదురుగా కొండ కనిపించింది. మీ నాన్నకు దగ్గు తగ్గింది గానీ నోరు తగ్గలేదు. పొద్దున్నే గేదెను తిట్టాడు, అంటే బాగున్నట్టే.

నిన్న మీ ఆయన బున్‌తమ్ గుడికి వచ్చాడు. బిడ్డ పేరు మీద భిక్షువులకు అన్నం పెట్టాడు. మనిషి సగమయ్యాడు. నాకు దండం పెడితే ముఖం తిప్పుకున్నాను. కోపంతో కాదు, ఆ ముఖం చూడలేక.

ఏప్రిల్‌లో ఆసుపత్రి వరండాలో నేనన్న మాటలు నీకు గుర్తే. నలభై రెండు డిగ్రీల ఎండలో ఏడు నెలల కడుపుదాన్ని కొట్లో కోళ్లు కాల్చే నిప్పుల ముందు నిలబెడతావట్రా, నువ్వూ ఒక మొగుడివేనా, నా మనవరాల్ని నువ్వే చంపావు, అన్నాను. నువ్వు నా మాట పట్టుకుని లంపాంగ్ వెళ్లిపోయావు. ఇప్పుడు విడాకుల కాగితాలు పంపావట.

ఫిబ్రవరి నుంచే అతను నిన్ను నిప్పుల దగ్గర నుంచి లేపి, గల్లాపెట్టె దగ్గర ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. నీకూ తెలుసు, నాకూ తెలుసు. పుట్టెడు దుఃఖంలో ఉన్నావు, అమ్మ అరిచేసరికి నమ్మావు.

ఆ రోజు నర్సు నన్ను పక్కకు పిలిచి చెప్పింది. అరవకమ్మా, ఇంత వేడీ ఇంత పొగా, రెండూ కడుపులో పిల్లలకి చేటే, ఈ ఎండల్లో నెలలు నిండకుండా ఎందరు పుడుతున్నారో, నీ మనవరాలికి ఏది తగిలిందో మాత్రం ఎవరం తేల్చి చెప్పలేం, అంది. విని కూడా ఇంకా గట్టిగా అరిచాను.

సంతకం పెట్టకు తల్లీ. అతని దగ్గరికి వెళ్లు. ఇద్దరూ ఒక్కచోట కూర్చుని ఏడవండి.

ఆశీస్సులతో,
అమ్మ

తా.క. అంటించిన కవరు మళ్లీ చించాను. ఫిబ్రవరిలో ఫోన్ చేసి, అమ్మా, ఇన్నాళ్లకి నోటికేదో కావాలనిపిస్తోంది, వానలు పడగానే అడవి పుట్టగొడుగుల కూర చేసి పెట్టు, అన్నావు. నేల మీద ఆకులు కాలితేనే అవి బాగా వస్తాయని మా అమ్మ నేర్పింది. నిప్పు పెట్టొద్దని ఊరి పెద్ద మైకులో మొత్తుకుంటూనే ఉన్నాడు. చిన్న జాగాయే కదా అని మార్చి ఆఖర్లో అగ్గిపుల్ల గీశాను. గాలి తిరిగింది. మీ ఇంటి వెనక కొండ పదకొండు రోజులు కాలింది. కిటికీలు మూసుకుని నువ్వు పీల్చింది ఆ పొగే.

ఆర్పడానికి పైకి వస్తూ బున్‌తమ్, కొండ దిగి పరుగెత్తుతున్న నన్ను చూశాడు. నా చేతిలో అగ్గిపెట్టె ఉంది. వరండాలో నేను అన్నేసి మాటలంటున్నా అది బయటపెట్టలేదు. బిడ్డ పోయిన రోజే నీకు అమ్మ కూడా లేకుండా పోకూడదనుకున్నాడేమో.

ఎవరినో ఒకరిని వదిలేయాలంటే నన్ను వదిలేయి తల్లీ.